చాదర్‌ఘాట్ స్కూల్ రహీం సారు

సావనీర్ కోసం ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, మన బడిలో చదివి పైకొచ్చినవారి గురించి అయితే బాగుంటుందన్నాడు. మన బడిలో చదవని, మన బడి గేటైనా తొక్కని ఒకాయన గురించి రాస్తానన్నాను. ఆయన 1963లోనే పోయారు. నేను పుట్టింది 1970లో. అయినా ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘం తేల్చాల్సిన ఒక పనికి ఆయన జీవితంతో సంబంధం ఉందని నాకనిపించింది. ఆ పని ఏమిటో చివర్లో చెబుతాను. ముందు ఆయన సంగతి.

పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. భారత ఫుట్‌బాల్ జట్టుకు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టిన కోచ్. 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చాక ఈ తరం పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది. సినిమా వాళ్లకు జకార్తా ఫైనల్ ముఖ్యం, అది సహజమే. నాకు మాత్రం ఆయన బడి పంతులుగా ఉన్న రోజులే ముఖ్యం. హైదరాబాద్‌లో ఇప్పటికీ పాతవాళ్లు ఆయన్ను రహీం సాబ్ అంటారు. నేను రహీం సారు అనే అంటాను. మన బడిలో పంతుళ్లను అలాగే పిలిచేవాళ్లం కదా.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లోనే పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు, ఆ జట్టుకు ఆడారు. నగరం లీగ్‌లో 'ఎలెవెన్ హంటర్స్' అనే జట్టు ఉండేది. సిటీ కాలేజీలో అప్పుడు చదువుతున్నవాళ్లూ అంతకుముందు చదివి వెళ్లినవాళ్లూ కలిసి కట్టిన జట్టు అది. తర్వాత దానికి 'సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్' అనే పేరొచ్చింది. రహీం సారు ఆ జట్టులో ఆడారు. అంటే ఆయన ఆట పెరిగింది ఒక పూర్వ విద్యార్థుల సంఘం నీడలోనే. మనలాంటి సంఘం భోజనాలూ సన్మానాలతో ఆగకుండా ఒక లీగ్ జట్టును నడిపిందన్న సంగతి చదివినప్పుడు నాకు కాస్త సిగ్గేసింది.

చదువయ్యాక టీచరు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్. ఈ నాలుగు బడుల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి వచ్చి ఆటల బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. పొద్దున బడి, సాయంత్రం మైదానం, రాత్రి సంఘం కాగితాలు, ఆయన దినచర్య అలా ఉండేదనుకుంటాను. మన డ్రిల్ సారును చూసినవాళ్లెవరికైనా ఆ బతుకు ఎలాంటిదో అర్థమవుతుంది.

డ్రిల్ సారు పేరు ఎత్తాను కాబట్టి 1984 నాటి మాట ఒకటి చెప్పాలి. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. మన జట్టు మొదటిసారి జోనల్ ఫైనల్‌కు వెళ్లింది. నేను ఆడలేదు, నీళ్ల బిందె మోసే బ్యాచ్‌లో ఉన్నాను. అవతల ఒక ప్రైవేటు స్కూలు. పేరు వద్దు. వాళ్లు బస్సులో వచ్చారు, మనం రెండు ఆటోల్లోనూ సైకిళ్ల మీదా వెళ్లాం. వాళ్లందరికీ స్టడ్‌లున్న బూట్లు, మనలో నలుగురికి మాత్రం బాటా కాన్వాస్ బూట్లు, మిగతావాళ్లవి ఒట్టి కాళ్లు. వాళ్లకు ఒక కోచ్, ఒక గ్రౌండ్, మ్యాచ్ తర్వాత అరటిపళ్లూ గ్లూకోజూ. మనకు డ్రిల్ సారు, ఆయన విజిల్. 4-1తో ఓడిపోయాం. ఆ ఒక్క గోల్ కొట్టినవాడు మన సెంటర్ ఫార్వర్డ్. మరుసటి జూన్‌లో వాడు మన బడిలో లేడు. ఫీజు లేదు, హాస్టల్ ఉచితం అని చెప్పి ఆ ప్రైవేటు స్కూలువాళ్లే తీసుకెళ్లారు. ఆ ఏడాది జోనల్స్‌లో వాడు మన మీదే రెండు గోల్స్ కొట్టాడు.

అప్పట్లో మాకెంత కోపమొచ్చిందో ఆ బ్యాచ్ వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. సర్కారు బడులకు వేరే టోర్నమెంట్ పెట్టాలి, ప్రైవేటు వాళ్లకు వేరే పెట్టాలి అని నేను చాలా ఏళ్లు వాదించాను. మన వాట్సాప్ గ్రూపులో కూడా రెండుసార్లు ఈ గొడవ జరిగింది. ఒకసారి నేనే మొదలుపెట్టాను. పిల్లల్ని ఎంచుకుని చేర్చుకునే బడినీ, వచ్చిన ప్రతి పిల్లవాణ్నీ చేర్చుకోవాల్సిన బడినీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమనడం న్యాయమా అన్నది నా ప్రశ్న. ఇప్పటికీ అది తప్పు ప్రశ్న అనుకోను. కానీ రహీం సారు జీవితం చదివాక జవాబు మారింది.

ఆయన ఏం చేశారంటే, ఆటకు కొత్త నియమాలు పెట్టి టోర్నమెంట్లు జరిపారు. డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో ఒకటి. బలంలేని కాలితోనే ఆడాలనే నియమంతో ఇంకొకటి. వినడానికి పిల్లల తమాషాలా ఉంటుంది. కొంచెం ఆలోచిస్తే లెక్క తెలుస్తుంది. డ్రిబ్లింగ్ వద్దంటే ఒంటరిగా బంతి పట్టుకుని నలుగురిని దాటే మొనగాడికి అక్కడ పనిలేదు. బంతి రాగానే పక్కవాడికి ఇచ్చేయాలి, ఇచ్చి ఖాళీలోకి పరుగెత్తాలి. మనిషి ఎంత వేగంగా పరుగెత్తినా బంతి అంతకన్నా వేగంగా పోతుంది కదా. ఇంజనీరుగా నాకిది ఇష్టమైన సంగతి. ఒక్క స్తంభం మీద బరువంతా వేయకుండా పదకొండింటి మీదా పంచడం లాంటిది. ఇక రెండో టోర్నమెంట్‌లో కుడికాలి వాటం వాడు ఎడమకాలితో తన్నాలి. అక్కడ ఏ బడి పిల్లవాడైనా కొత్తవాడే. బాగా తిన్నవాడూ తినని వాడూ, బూటున్నవాడూ లేనివాడూ ఒకే చోట మొదలవుతారు. ఆయన ఈ ఉద్దేశంతోనే పెట్టారని నేననను. ఆయనకు కావలసింది రెండు కాళ్లతో, ఒక్క టచ్‌తో ఆడే ఆటగాళ్లు. కానీ ఫలితం మాత్రం అలా వచ్చింది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. డబ్బు, పేరు, జనం, పత్రికలు అన్నీ అక్కడే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ ముందు హైదరాబాద్ జట్టు అంటే, మనం ఆ ప్రైవేటు స్కూలు ముందు నిలబడ్డట్టే. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957లో గెలిచింది, 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మళ్లీ గెలిచింది. హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు రెండూ తెచ్చుకుంది. పోటీని విడదీయమని అడగకుండానే గెలిచారు.

అయితే ఇక్కడ ఒకటి దాచకూడదు. ఆ పిల్లలకు పోలీసు శాఖలో ఉద్యోగాలు దొరికాయి. నెల తిరిగేసరికి జీతం, ప్రాక్టీసుకు మైదానం, వెనక ఒక శాఖ. రహీం సారు పద్ధతి ఎంత గొప్పదైనా, ఖాళీ కడుపుల మీద ఐదేళ్లు రోవర్స్ కప్ వచ్చేది కాదు. పట్టుదల ఉంటే చాలని వేదికల మీద చెప్పే పెద్దలు ఈ సగం వదిలేస్తారు.

1952 హెల్సింకి ఒలింపిక్స్ సంగతి ఆయన జీవితంలో చేదు ఘట్టం. యుగోస్లావియా చేతిలో మనవాళ్లు 10-1 తేడాతో ఓడారు. చలి, తడి నేల. మన జట్టులో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. ఒట్టి కాళ్లతో ఆడటం మనవాళ్ల ప్రత్యేకత అని అంతకుముందు గొప్పగా చెప్పుకునేవారు. ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నియమం సరైనదే, అందరికీ ఒకటే. కానీ బూట్లు కొనుక్కోగల ఇంటికీ కొనలేని ఇంటికీ ఆ ఒకే నియమం రెండు రకాలుగా తగులుతుంది.

అలా తగిలిన ఇంట్లోనే ఒక పిల్లవాడు పెరిగాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబం. పేరు తులసీదాస్ బలరాం. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్నాడు. ఆ కుర్రవాడి ఆట లీగ్‌లో చూసి రహీం సారు హైదరాబాద్ జట్టు ఎంపికకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి రోజూ నగరంలోకి రావడానికి డబ్బుల్లేవని కుర్రవాడు చెప్పుకున్నాడు. రాకపోకల ఖర్చుకు సర్దుబాటు చేసింది రహీం సారే. ఇందులో వీరగాథ ఏమీ లేదు. ఆ సర్దుబాటు లేకపోతే మాత్రం ఒక ఒలింపియన్ మనకు ఉండేవాడు కాదు. 1956 సంతోష్ ట్రోఫీ, అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్, 1960 రోమ్, 1962 జకార్తా. బలరాం అన్నింటిలోనూ ఉన్నాడు.

నేను బలరాం కథ చదివిన రోజు మన డ్రిల్ సారు గుర్తొచ్చారు. 1984 ఫైనల్‌కు ఆటోల డబ్బులు ఎవరిచ్చారో మాకు ఎవరికీ తెలియదు. మొన్న ఆరా తీస్తే, ఆ ఏడాది బడి ఆటల నిధిలో రెండు బంతులకు మించి డబ్బు లేదట.

మెల్‌బోర్న్ గురించి చెప్పకుండా పోలేను. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది. చివరికి 4-1తో ఓడారు, కంచు పతకం పోటీలో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. నాలుగేళ్ల కిందట పది గోల్స్ తిన్న జట్టు అది. 1958లో బ్రెజిల్ లోకానికి చూపించిన 4-2-4 పద్ధతిని రహీం సారు అంతకుముందే మనవాళ్లకు అలవాటు చేశారని క్రీడా చరిత్ర రాసినవారు అంటారు.

1960 రోమ్‌లో హంగరీతో 2-1, పెరూతో 3-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1తో సరిపెట్టుకున్నారు. ఆ జట్టులో రహీం సారు కొడుకు ఎస్.ఎస్. హకీం కూడా ఉన్నాడు. మూడు మ్యాచ్‌ల్లో ఒక్కదానిలోనూ దిగలేదు. తండ్రి కోచ్, కొడుకు బెంచీ మీద. ఆ తర్వాత హకీం గారు అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. మన ఇళ్లల్లో పిల్లల సీట్ల కోసం మనం చేసే సిఫారసులు గుర్తుచేసుకుని ఈ వాక్యాలు ఇంకోసారి చదవండి.

మన సెంటర్ ఫార్వర్డ్ వెళ్లిపోయినట్టే, రహీం సారు తయారుచేసిన ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు తీసుకెళ్లేవి. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఆయన పోయాక కూడా హబీబ్ లాంటివాళ్లు అదే దారిన వెళ్లారు. వెళ్లినవాణ్ని ఆయన పరాయివాడిగా చూడలేదు. జాతీయ జట్టుకు ఎంపిక చేసేటప్పుడు ఏ క్లబ్బు చొక్కా వేసుకున్నాడన్నది అడ్డురాలేదు. ఇది నాకు మింగుడుపడటానికి చాలా కాలం పట్టింది. మన వాడు మన మీద గోల్ కొట్టాడన్న బాధలో, వాడికి అక్కడ మూడు పూటలా అన్నం దొరికిందన్న సంగతి నేను చూడలేదు. వాడు తర్వాత ఆటల కోటాలో రైల్వేలో చేరాడు. రెండేళ్ల కిందట మన సంఘంలో సభ్యుడయ్యాడు. మూడేళ్లు మన బడిలో, ఒక్క ఏడాది ఆ బడిలో చదివాడు కదా, ఏ సంఘంలో చేరాలన్న అనుమానం కూడా రాలేదట. పేరు రాయొద్దని మాట తీసుకున్నాడు. ఎంచుకుపోయే బడి మీద నా కోపం తగ్గలేదు. వెళ్లిన పిల్లవాడి మీద మాత్రం పోయింది.

ఇక జకార్తా. 1962 నాటికి రహీం సారు ఒంట్లో క్యాన్సర్ ముదిరింది. సిగరెట్ ఆయన వదల్లేని అలవాటు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచారు. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వలేదని మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో జకార్తా జనం మనవాళ్ల మీద మండిపడుతున్నారు. స్టేడియమంతా అవతలి జట్టు వైపే. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు రహీం సారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న హైదరాబాద్‌లో రహీం సారు కన్నుమూశారు. 53 ఏళ్లు.

ఇప్పుడు మన పని. స్వర్ణోత్సవ నిధితో బడికి ఆడిటోరియం కట్టిద్దామని జనవరి సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. స్థలం గ్రౌండ్ తూర్పు వైపు. సివిల్ ఇంజనీర్ని కాబట్టి ఎస్టిమేటు నా మీద పడింది. నేనూ చేయెత్తి ఒప్పుకున్నవాణ్నే, తప్పు ఎవరి మీదా తోయడం లేదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్లాను. గ్రౌండ్ ఇప్పుడు 84 మీటర్ల పొడవు, 52 మీటర్ల వెడల్పు ఉంది. ఫుట్‌బాల్‌కు కనీసం 90 మీటర్ల పొడవు కావాలి. మన కాలంలో ఉన్నదాన్ని అదనపు తరగతి గదులు, నీళ్ల ట్యాంకు ఇప్పటికే కొంత తిన్నాయి. ఆడిటోరియం, చుట్టూ వదలాల్సిన ఖాళీ కలిపితే ఇంకో 34 మీటర్లు పోతుంది. మిగిలే 50 మీటర్లలో ప్రార్థన చేయవచ్చు, కబడ్డీ కోర్టు వేయవచ్చు. ఫుట్‌బాల్ ఆడలేం.

అందుకే రెండు ఎస్టిమేట్లు వేశాను. ఒకటి మీరు అడిగింది, 700 సీట్లు. రెండోది వెనక వైపు కూలడానికి సిద్ధంగా ఉన్న పెంకుల షెడ్ల స్థానంలో 400 సీట్ల హాలు. అక్కడ పాత కట్టడం తీసేయాలి, నేల మెత్తన కాబట్టి పునాది లోతుకు వెళ్లాలి, సీటుకు అయ్యే ఖర్చు ఎక్కువే. మన వార్షికోత్సవానికి అందరూ కూర్చోలేరు, కొందరు వరండాలో నిలబడాలి. ఏది కట్టినా ప్రభుత్వ అనుమతి కావాలి, అది వేరే కథ. రెండు కాగితాలూ కార్యదర్శి దగ్గరున్నాయి. సావనీర్ విడుదలైన రోజు సాయంత్రం జరిగే సమావేశంలో ఓటు పెడతామన్నారు. నా ఓటు రెండోదానికి. నేను వేసిన ఎస్టిమేటుకు నేనే ప్రచారం చేసుకుంటున్నానని కొందరు అనొచ్చు, అననివ్వండి.

ఆ ఆదివారం టేపు రెండో చివర పట్టుకోవడానికి మనిషి లేకపోతే గ్రౌండ్‌లో ఆడుకుంటున్న తొమ్మిదో తరగతి పిల్లల్ని పిలిచాను. ఇద్దరు వచ్చారు. ఒకడి కాళ్లకు చెప్పులు కూడా లేవు. ఎందుకు కొలుస్తున్నారు సార్ అని అడిగాడు. హాలు కట్టడానికని చెప్పాను. అయితే గోల్‌పోస్టులు ఎక్కడ పెడతారు అన్నాడు. ఇంకా ఖాయం కాలేదని చెప్పి, టేపు చుట్టుకుని వచ్చేశాను.